మందుచీటీలో చోటు దొరకని అన్నం

"డిగ్రీలో పోషకాహార శాస్త్రం చదివిన మా అమ్మాయి ఇప్పుడు నర్సింగులో చేరతానంటోంది. చదివిన మూడేళ్లూ వృథా అయినట్టే కదా?" అని ఒక తల్లి మాకు ఉత్తరం రాశారు. ఈ ప్రశ్న ఆమె ఒక్కరిదే కాదు. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మిత్రులు కూడా ఇలాగే అడుగుతుంటారు. గ్రామాల్లో పౌష్టికాహార కార్యక్రమాలు నడుపుతున్న అమ్మాయిలకు నర్సింగు చదువు ఉంటే ఉపయోగమా, నర్సులకు ఆహారశాస్త్రం ఎందుకు అని. నేను ముందు హోం సైన్సు చదివి, ఆ తర్వాత నర్సింగు చేసి, ఇరవయ్యారేళ్లు వార్డుల్లో పనిచేసిన దాన్ని. అందుకే ఈసారి సంపాదకీయం ఈ విషయం మీదే రాయాలనిపించింది. ఇది ఒక అమ్మాయి ఉద్యోగానికి సంబంధించిన ప్రశ్నగా మాత్రమే చూస్తే సరిపోదు. ఆడవాళ్ల చదువులకు ఈ సమాజం కట్టే విలువ ఎంత, ఆడవాళ్ల శరీరాలకు అందే తిండి ఎంత అన్న రెండు ప్రశ్నలు ఇందులో కలిసే ఉన్నాయి.

ముందు చదువుల సంగతి చూద్దాం. హోం సైన్సు అంటే "వంట నేర్చుకోవడానికి కాలేజీ కూడానా" అనేవాళ్లు. నర్సింగు అంటే "సేవ" అనేవాళ్లు. సేవ అన్నాక జీతం గురించి మాట్లాడితే తప్పు, అలసట గురించి మాట్లాడితే తప్పు. వండిపెట్టడం, రోగం వచ్చినవాళ్లకు చాకిరీ చెయ్యడం తరతరాలుగా ఇళ్లలో ఆడవాళ్లు జీతం లేకుండా చేస్తున్న పనులు. అవే పనులు శాస్త్రంగా మారి, పట్టా పుచ్చుకుని బయటికి వచ్చినా ఆ చులకన మాత్రం వెంటే వచ్చింది. ఇంట్లో ఊరికే దొరికే పనికి బయట డబ్బెందుకివ్వాలి అన్న లెక్క పితృస్వామ్యానిది. ఆ లెక్కలో ఈ రెండు చదువులూ "ఆడపిల్లల చదువులు"గానే మిగిలిపోయాయి.

శాస్త్రం చరిత్ర చూస్తే వ్యవహారం వేరుగా ఉంటుంది. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగు మీద రాసిన చిన్న పుస్తకంలో ఆహారానికి రెండు అధ్యాయాలు కేటాయించింది. రోగికి ఏం పెట్టాలన్నది ఒకటి, ఎప్పుడు, ఎలా పెట్టాలన్నది మరొకటి. రోగి ఎంత తిన్నాడో, ఎందుకు తినలేకపోయాడో గమనించడం నర్సు పనిలో ముఖ్యభాగమని ఆమె ఆనాడే గుర్తించింది. ఆధునిక నర్సింగు పుట్టుకలోనే పళ్లెం ఉందన్నమాట. ఆ తర్వాతి కాలంలో మందుల సంఖ్య పెరిగింది, యంత్రాలు పెరిగాయి, పళ్లెం మాత్రం మంచం కింద చేరింది.

మన దేశానికి సంబంధించిన ఇంకో చరిత్ర ఉంది. దీన్ని మన కార్యకర్తలందరూ తెలుసుకోవాలి. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలకు గర్భం సమయంలో తీవ్రమైన రక్తహీనత ఎందుకు వస్తోందో పరిశోధించింది. రోగక్రిముల కోసం వెతికి ఆగిపోకుండా వాళ్లేం తింటున్నారో చూసింది. కొరత తిండిలో ఉందని తేల్చింది. ఈస్టు సారం ఇస్తే ఆ రక్తహీనత నయమవుతోందని 1931లో ప్రకటించింది. ఆ సారంలో పనిచేసిన పదార్థాన్నే తర్వాత ఫోలిక్ ఆసిడ్ అన్నారు. 1940లలో అమెరికాలోని లెడర్లీ సంస్థలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈనాడు ప్రతి గర్భిణి చేతిలో పెట్టే గోలీ వెనక బొంబాయి మిల్లు కార్మిక స్త్రీల ఖాళీ పళ్లేలున్నాయి. తిండినీ రోగాన్నీ కలిపి చూసినందువల్లనే ఆ గోలీ పుట్టింది.

మరి ఆ గోలీ పుట్టి ఇన్నేళ్లయ్యాక మన పరిస్థితి ఏమిటి? 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. గర్భిణులలో నూటికి 52 మందికి ఉంది. అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ సగానికి మించిన ఆడవాళ్లది ఇదే స్థితి. 2018లో మొదలైన రక్తహీనత నిర్మూలన కార్యక్రమం ప్రకారం ప్రతి గర్భిణికీ 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉన్న గోలీ రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు ఇవ్వాలి. రిజిస్టరులో ఇచ్చినట్టే ఉంటుంది. మింగినదీ లేనిదీ రిజిస్టరు చెప్పదు.

ఇక్కడే రెండు చదువులు కలిసినప్పుడు ఏం జరుగుతుందో చెబుతాను. మా వార్డుకొచ్చే గర్భిణులను "గోలీలు వేసుకుంటున్నావా" అని అడిగితే అందరూ తలూపేవారు. "ఎప్పుడు వేసుకుంటున్నావమ్మా, దేంతో వేసుకుంటున్నావు" అని అడిగితే అసలు సంగతి బయటికొచ్చేది. పొద్దున్నే టీతో వేసుకునేవాళ్లు కొందరు. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. కాల్షియం గోలీ, ఇనుము గోలీ కలిపి ఒకేసారి మింగేవాళ్లు కొందరు. రెండూ కలిస్తే ఇనుము సరిగ్గా ఇంకదు. ఖాళీ కడుపున వేసుకుని వాంతయి మానేసినవాళ్లు కొందరు. విరేచనం నల్లగా అవుతోందని భయపడి చూరులో దాచినవాళ్లు ఇంకొందరు. "నల్లగా రావడం సహజమే తల్లీ, రాత్రి భోజనమయ్యాక కాసేపాగి వేసుకో, అన్నంలో నిమ్మకాయ పిండుకో, ఉసిరికాయో జామకాయో దొరికితే తిను" అని చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలకు తోడు, ఏ తిండి ఒంట్లో ఏం చేస్తుందో తెలిసిన మనిషి కావాలి. గోలీ చేతిలో పెట్టే మనిషికే ఆ జ్ఞానం ఉంటే తల్లిని ఇంకో గదికి, ఇంకో రోజుకు పంపనక్కర్లేదు.

పిల్లల వార్డులో ఈ అవసరం ఇంకా ఎక్కువ. తీవ్ర పోషకాహార లోపంతో వచ్చే పిల్లలను చూసినవాళ్లకు తెలుస్తుంది. జబ్బచుట్టు కొలత పదకొండున్నర సెంటీమీటర్లకన్నా తక్కువ ఉంటుంది. చర్మం వేలాడుతుంటుంది, లేదా పాదాలు ఉబ్బి ఉంటాయి. అలాంటి బిడ్డను చూడగానే ఎవరికైనా కడుపునిండా పెట్టెయ్యాలనిపిస్తుంది. కానీ మొదటి రోజుల్లో అలా పెడితే ప్రాణానికే ముప్పు. గుండె, మూత్రపిండాలు ఆ భారాన్ని తట్టుకోలేవు. అందుకే మొదట వంద మిల్లీలీటర్లకు 75 కేలరీలుండే పాలు కొద్దికొద్దిగా, రెండు గంటలకోసారి, రాత్రుళ్లు కూడా పట్టాలి. బిడ్డ తేరుకున్నాకే 100 కేలరీల పాలకు మారాలి. రక్తం తక్కువుందని మొదటి వారంలో ఇనుము ఇవ్వకూడదు, బరువు పెరగడం మొదలయ్యాకే ఇవ్వాలి. ఇదంతా పోషకాహార శాస్త్రమే. అయితే అర్ధరాత్రి రెండు గంటలకు ఆ బిడ్డ ఒళ్లు చల్లబడిందేమో చూసి, గిన్నె కొలిచి, తల్లిని లేపి, చెంచాతో పట్టించేది నర్సు. అక్కడ ఆహారనిపుణురాలు ఉండదు. ఉండాల్సిన జ్ఞానం నర్సు చేతుల్లోనే ఉండాలి.

కాన్పుల వార్డు సంగతి చూడండి. తెలంగాణలో కాన్పుల్లో 60 శాతానికి పైగా సిజేరియన్లేనని అదే సర్వే చెప్పింది. దేశం మొత్తమ్మీద పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుతున్న పిల్లలు నూటికి 42 మందే. ఇళ్లలో మంత్రసానులు ముర్రుపాలు పిండి పారబోయిస్తారని మనం ఎన్నాళ్లో విమర్శించాం. ఇప్పుడు కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి, ఆపరేషనయిన తల్లి పక్కన బిడ్డను వెంటనే పడుకోబెట్టి పాలు పట్టించడానికి మనిషి లేక డబ్బాపాలు తెప్పిస్తున్నారు. డబ్బాపాల ప్రచారాన్ని నిషేధించిన చట్టం 1992లో వచ్చింది, 2003లో మరింత గట్టిపడింది. ఆరోగ్య కార్యకర్తలకు కంపెనీలు బహుమతులు, ప్రలోభాలు ఇవ్వకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఈ చట్టం సంగతి తెలిసిన నర్సు, తల్లిపాల శాస్త్రం తెలిసిన నర్సు ఒక్కతి వార్డులో ఉంటే పరిస్థితి మారుతుంది.

ఆపరేషన్లకు ముందు ఉపవాసం కూడా హక్కులకు సంబంధించిన విషయమే. ఘనాహారం ఆరు గంటల ముందు, మామూలు నీళ్లు రెండు గంటల ముందు ఆపితే చాలని మత్తు వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన ఆస్పత్రుల్లో రాత్రి పది నుంచి ఏమీ తినొద్దంటారు. ఆపరేషన్ మధ్యాహ్నానికి, ఒక్కోసారి మర్నాటికి వాయిదా పడుతుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు వచ్చిన ఆడవాళ్లు గుక్కెడు నీళ్లు లేకుండా వరండాల్లో కూర్చోవడం మనలో చాలామంది చూసిందే. దాన్ని "పద్ధతి" అనుకుని ఊరుకుంటాం. శాస్త్రం తెలిసినవాళ్లు అడగగలుగుతారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో ఇలా అడిగినందుకు "నువ్వు డాక్టరువా?" అన్నారు. డాక్టరుని కాదు, తిండి గురించి మూడేళ్లు చదువుకున్న నర్సునని జవాబు చెప్పాను. ఆ నెలంతా నాకు రాత్రి డ్యూటీలే పడ్డాయి.

ఆకలికీ రోగానికీ ఉన్న లంకె గురించి ఈ మధ్య బలమైన రుజువు కూడా దొరికింది. జార్ఖండ్‌లో 2019లో మొదలైన ఒక పెద్ద అధ్యయనంలో క్షయ రోగులు 2,800 మందినీ, వాళ్ల ఇళ్లలోని 10,345 మంది కుటుంబ సభ్యులనూ గమనించారు. కుటుంబ సభ్యులకు కూడా తలకు నెలకు అయిదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ గోలీలు ఇచ్చిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గిందని 2023లో ఫలితాలు ప్రకటించారు. బియ్యం, పప్పు! క్షయ రోగులకు పోషణ కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేశారు. అదైనా రోగికి మాత్రమే. రోగి ఇంట్లో ఒక్కడే తినడు కదా. ఇంటిల్లిపాదికీ పంచాక భార్య పళ్లెంలోకి వచ్చేదెంతో మనకు తెలుసు.

ఇంతవరకు చదివి, అయితే ఆడవాళ్లకు ఏం తినాలో బాగా బోధించే నర్సులు కావాలన్నమాట అని ఎవరైనా అనుకుంటే నేను గట్టిగా కాదంటాను. బోధనలకు కొదవ లేదు. పాలు తాగు, పండ్లు తిను, గుడ్లు తిను అని గోడల మీద బొమ్మలు వేస్తూనే ఉన్నాం. కూలి లేని రోజు ఆ బొమ్మ చూసిన తల్లి తనను తాను తిట్టుకోవడం తప్ప ఏం చేస్తుంది? అందరూ తిన్నాక అడుగూబొడుగూ తినే కోడలికి "నీకు రక్తం తక్కువుంది, నువ్వే జాగ్రత్త పడాలి" అని చెబితే నేరం ఆమె మీద మోపినట్టే. బాలింతకు నీళ్లు తగ్గించి, కూరగాయలు మానిపించి, కారప్పొడి మెతుకులతో నెట్టించే పథ్యాన్ని మార్చాలంటే ఆ బాలింతతో మాట్లాడి లాభం లేదు. ఆమె అత్తగారితో, అమ్మతో, భర్తతో మాట్లాడాలి. ఆ పథ్యంలో వెల్లుల్లి, నువ్వులు, నెయ్యి వంటి మంచివీ ఉన్నాయని ఒప్పుకుంటూ మాట్లాడితేనే పెద్దవాళ్లు వింటారు. గర్భంలో చివరి నెలల్లో రోజూ అదనంగా 350 కేలరీలు కావాలని పాఠంలో చెబుతారు. అది ఒక రాగి జావ, ఒక గుడ్డు, గుప్పెడు వేరుశనగపప్పు అని చెప్పగలిగినదే పోషకాహార జ్ఞానం. ఆ గుడ్డు ఎక్కడ హక్కుగా దొరుకుతుందో కూడా చెప్పగలిగినప్పుడు అది స్త్రీల పక్షాన నిలిచిన జ్ఞానమవుతుంది.

ఎక్కడ దొరుకుతుంది? 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి గర్భిణికీ, కాన్పయిన ఆర్నెల్ల వరకు ప్రతి తల్లికీ అంగన్‌వాడీలో ఉచిత భోజనం హక్కు. ఆరువేల రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సాయం కూడా అదే సెక్షన్‌లో ఉంది. కేంద్రం 2017లో పెట్టిన పథకం మాత్రం మొదటి కాన్పుకు అయిదు వేలని, రెండో కాన్పుకు ఆడపిల్ల పుడితేనే ఆరువేలని కత్తిరించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో అమృతహస్తం, తెలంగాణలో 2015లో ఆరోగ్యలక్ష్మి పేరుతో అంగన్‌వాడీలో ఒక పూట నిండు భోజనం మొదలుపెట్టడం మంచి పని. తల్లి అక్కడే కూర్చుని తింటే ఆ గుడ్డు ఆమెకే చెందుతుంది, ఇంటికెళ్తే పంపకాల్లో పోతుంది. చట్టం అమలు కాకపోతే జిల్లా ఫిర్యాదుల అధికారికి, ఆ తర్వాత రాష్ట్ర ఆహార కమిషన్‌కు వెళ్లవచ్చు. ఆస్పత్రి నుంచి డిశ్చార్జి చీటీ రాసే నర్సు దాని మీద "అంగన్‌వాడీ భోజనం తీసుకోవాలి" అని ఒక్క వాక్యం రాసి, అంగన్‌వాడీ టీచరుకు ఒక మాట చేరవేస్తే వైద్యశాఖకూ స్త్రీ శిశు సంక్షేమశాఖకూ మధ్య ఉన్న గోడలో ఒక కిటికీ తెరుచుకుంటుంది.

ఇక నర్సుల సొంత పళ్లెం మాటేమిటి? అందరికీ పథ్యం చెప్పే నర్సు పన్నెండు గంటల డ్యూటీలో నిలబడే రెండు ఇడ్లీలు మింగుతుంది. రాత్రి డ్యూటీలో చాలాచోట్ల వేడి భోజనం ఉండదు, కూర్చోవడానికి గది ఉండదు. నాతో పనిచేసిన అమ్మాయిల్లో చాలామంది రక్తం తక్కువున్నవాళ్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ 2016లో సిఫార్సులు చేసింది. 200 పడకలు దాటిన ఆస్పత్రుల్లో ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని, 50 పడకల లోపు చిన్న ఆస్పత్రుల్లోనైనా నెలకు 20 వేలకు తగ్గకూడదని చెప్పింది. మీ ఊళ్లో నర్సింగ్‌హోమ్‌కి వెళ్లి అక్కడి అమ్మాయిలను వాళ్ల జీతమెంతో అడిగి చూడండి. అంగన్‌వాడీ టీచర్లదీ ఇదే కథ. వాళ్లది ఉద్యోగం కాదు, "గౌరవ" సేవ అన్నారు. 2022లో వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. తిండి పెట్టే ఆడవాళ్లు, రోగులను చూసే ఆడవాళ్లు ఒకే చులకనకు గురవుతున్నారు కాబట్టి వాళ్ల పోరాటాలు కూడా ఒకదానికొకటి తోడు కావాలి.

ఉత్తరం రాసిన అమ్మకు నా జవాబు ఇది. మీ అమ్మాయి చదువు వృథా కాదమ్మా. బియస్సీ నర్సింగు మొదటి ఏడాదిలోనే పోషకాహారం ఒక పాఠ్యాంశం. మిగతావాళ్లు పరీక్ష కోసం చదివి మరిచిపోయేది మీ అమ్మాయికి చేతిలో పనిముట్టుగా ఉంటుంది. మధుమేహం, మూత్రపిండాల జబ్బు, కాన్సరు, కాన్పులు, చంటిపిల్లలు, ఏ వార్డుకెళ్లినా తిండి ప్రశ్న ఆమెకు ఎదురవుతుంది. అయితే ఒక సంగతి దాచను. ఈ రెండో పట్టాకు చాలాచోట్ల అదనపు జీతం రాదు, పదోన్నతి రాదు. ఆహారనిపుణుల వృత్తిని 2021 నాటి అనుబంధ వైద్యవృత్తుల చట్టం కిందికి తెచ్చారు. నర్సులకు 2023లో వేరే చట్టం చేశారు. రెండూ తెలిసిన మనిషికి ఆ రెండు చట్టాల మధ్య నిలబడే చోటు ఎవరూ ఆలోచించలేదు. మీ అమ్మాయి ఉద్యోగంతో పాటు ఆ చోటు కోసం కూడా అడగాల్సి ఉంటుంది. ఒంటరిగా అడిగితే రాత్రి డ్యూటీలు పడతాయి, సంఘంగా అడగమనండి.

మనం సంఘాలుగా అడగాల్సినవి కూడా ఉన్నాయి. ప్రతి జిల్లా ఆస్పత్రిలో, పిల్లల పోషణ పునరావాస కేంద్రాల్లో పోషకాహార శిక్షణ ఉన్న నర్సులకు ప్రత్యేక హోదా, అందుకు తగిన జీతం ఇవ్వాలి. పనిచేస్తున్న ఏఎన్ఎంలకు, నర్సులకు జీతంతో కూడిన శిక్షణ సెలవు ఇవ్వాలి. జాతీయ పోషకాహార సంస్థ 1958 నుంచి మన హైదరాబాదులోనే ఉంది, దాని జ్ఞానం తార్నాక గేటు దాటి మండల ఆస్పత్రి దాకా రావాలి. ప్రతి రోగి కేసు షీటులో జ్వరం, నాడి రాసినట్టే ఏం తిన్నదీ, తినకపోతే ఎందుకు తినలేదన్నదీ రాయడం తప్పనిసరి చెయ్యాలి. డ్యూటీలో ఉన్న నర్సుకు వేడి భోజనం, కూర్చుని తినే అరగంట హక్కుగా ఉండాలి.

ఇవేవీ కోట్ల ఖర్చుతో కూడిన కోరికలు కావు. మీ ప్రాంతంలో ఉన్న ఆస్పత్రికి ఈ మూడు నెలల్లో ఒకసారి సంఘంగా వెళ్లండి. వార్డులో తల్లులు ఏం తింటున్నారో, ఎన్నింటికి తింటున్నారో, నర్సమ్మలు తిన్నారో లేదో అడిగి రాసుకోండి. రాసినవి మాకు పంపండి. వచ్చే సంచికలో అచ్చువేసి, వాటినే పట్టుకుని అధికారుల దగ్గరికి వెళదాం.